విత్తనపు ఆబోతు నెన్నుకొనుట - నిజము చెప్పుట



విత్తనపు గింజలను చేటలో పోసి చూడనిదే మీలో నెవ్వరును పొలమున చల్లరు. అట్టి మీరే ఆవును దాటించు నపుడు దారిలో కనబడిన ఆబోతుతో సరిపెట్టుకొనుచున్నారు. చెడ్డ విత్తనమువలన పోవునది ఒక్క పంట. చెడ్డ ఆబోతువలని దోషమో, దాని పెయ్యల ద్వారమున పది పదునైదేండ్లు మందలో నిలిచియుండును. ఆవు ఏటికొక్క దూడనే యీనును. ఆబోతు ఏటికి 50 దూడలకు తండ్రి కాగలదు. కావున దీనిని గూర్చి రెండుమాటలు మనవి చేయుచున్నాను.

మొదటి మాట ఎన్నిక. సంతకు పోయినవారు ముందుగా సుడులు వెదకుదురు. పిదప మూపురపు టెత్తును, కొమ్ముల సొంపును మెచ్చుకొందురు. సుడి యెచ్చట నున్నను దానివలన పాలు పెరుగవు, తరుగవు. చూడవలసినవి వేరు. పండ్లను చూచి వయస్సు తెలిసికొనుడు. మూడేండ్లు నిండని కోడెపై పెక్కు ఆవుల భారము మోపరాదు. దానిని నడిపించి చూడుడు: వెనుకకాళ్లు ఒకదానికొకటి తగులుచున్నను, గిట్టలు విచ్చియున్నను విడిచిపెట్టుడు. వృషణములు రెండును సమముగా నుండవలెను. ఒకటి మిక్కిలి చిన్నదైనచో ఆ లోపము సంతతికి రావచ్చును. తల్లి ఎన్ని సేర్లు పాలిచ్చెనో, ఎన్నేండ్ల కొకమారు ఈనెనో అడుగుడు. వీటన్నిటికంటె గొప్ప సాక్ష్యము దాని దూడలే.

మన ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిలు దేశమున నెల్లూరు పేర వర్ధిల్లినవి. అచ్చట వానిని మాంసముకొరకు పెంచుదురు. మనకు వలసినవి దుక్కియు పాడియు. అయినను వారి పద్ధతి గ్రహింపదగినది. వారు నియమిత వయస్సులందు దూడలను తూచి, ఆ తూకములను వ్రాసిపెట్టి, ఏ ఆబోతు సంతానము బాగుగ పెరిగెనో లెక్కనుబట్టి తేల్చుదురు. ఠీవి కన్నులను మోసగించును, లెక్క మోసగింపదు.

రెండవ మాట నిజము. సంతలో దళారి గుడ్డక్రింద వ్రేళ్లుపట్టి బేరము కుదిర్చి, తన కూలి తాను పుచ్చుకొని పోవును. మీరో, పొరుగువానితో కలిసి బ్రదుకవలసినవారు. "మీ యూరి ఆబోతు ఎట్టిది?" అని అతడడిగినపుడు గుణముతోపాటు దోషమును చెప్పుడు. అది యెన్ని ఆవులను దాటెను, ఎన్ని చూడి నిలిచెను, ఎన్ని కష్టపడి యీనెను, ఎన్ని ఈసుకొనిపోయెను, మనుష్యులమీదికి వచ్చునా యను సంగతులన్నియు చెప్పుడు. తెలియనిదానిని తెలియదనుడు, అందు చిన్నతనము లేదు.

పెద్ద యెముకగల ఆబోతు మీ పెద్ద ఆవులకు తగియుండవచ్చును. దానినే పొరుగువాని చిన్న పెయ్యకు తొలిచూలునకు సిఫారసు చేసితిరేని, దూడ అడ్డుపడి తల్లియు పిల్లయు చావవచ్చును. ఒంటి ఆవు గల యింటికి పాడి యంతయు నాడే పోవును. "మా ఆవులకు బాగున్నది, మీ పెయ్యకు తగదు" అను ఒక్క మాట ఆ యింటిని కాపాడును. కృత్రిమ గర్భధారణకై తెప్పించు వీర్యమునకును ఇదియే నియమము: ఏ ఆబోతుదో, దాని తల్లి పాడి యెంతో అడిగి తెలిసికొనుడు.

కడపట నొక సంగతి. మూడేండ్లకు ఆబోతు కూతుళ్లే ఎదకు వచ్చును. తండ్రి కూతుళ్లను దాటిన సంతానము క్షీణించును. కావున అప్పటికి దానిని మరియొక గ్రామపు మంచి ఆబోతుతో మార్చుకొనుడు. ఆ మార్పిడికి పత్రముకంటె మాటయే ఆధారము. మీరు దాచి పంపిన దోషము వారి మందకు పోవును. వారు దాచినది మీ దొడ్డికి వచ్చును. ఇరువురును నిజము చెప్పినచో రెండు గ్రామముల దూడలును బాగుపడును.