మోకాలి మీద కావిడి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండగలో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడతాననగానే కార్యదర్శి గారు నవ్వారు. "చిన్ననాటి ముచ్చట్లేవైనా చెప్పవయ్యా" అన్నారు. ఇందాక గ్రూపు ఫొటోకి ముందు వరసలో కింద కూర్చోమంటే మా బ్యాచ్‌లో ఎందరు కూర్చోగలిగారో మీరంతా చూశారు. అందుకే ఈ మాటలు.

మూడేళ్ల కిందట నేనూ కూర్చోలేనివాణ్ణే. అప్పుడు నా బరువు 96 కిలోలు. సైటులో మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకోవాల్సిందే. రాత్రంతా గురక. పొద్దున లేస్తే నోరు ఎండిపోయి, తల దిమ్ముగా ఉండేది. వయసు మీద పడిందనుకున్నాను. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగితే కడుపులో మంట మిగిలింది. ఒకసారి పాలకొండ నుంచి సీతంపేట వస్తూ స్టీరింగు మీద కునుకు పట్టింది. పక్కన మా అమ్మ ఉంది. ఆ రాత్రే నా భార్య తట్టి లేపి, "గురకతో పాటు ఊపిరి కూడా ఆగిపోతోందండీ మీకు" అంది. అప్పుడు భయం వేసింది.

మోకాళ్లకు ఎక్స్‌రే, నిద్రకు పరీక్ష చేశారు. కీళ్ల అరుగుదల ఒకటి, స్లీప్ ఆప్నియా రెండోది. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి ఆడటమే స్లీప్ ఆప్నియా. రెండింటికీ డాక్టరు గారు ముందు చెప్పిన మాట ఒకటే: బరువు తగ్గాలి.

ఇంజనీరుని కదా, లెక్క చూశాను. అధిక బరువుతో పాటు మోకాలి అరుగుదల ఉన్నవారి మీద అమెరికాలో చేసిన పరిశోధన 2005లో వచ్చింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. పది కిలోలు తగ్గితే అడుగుకి నలభై. వెయ్యి అడుగులకి నలభై టన్నులు! సంతకి అనాసపళ్ల కావిడి మోసేవాళ్లు దారిలో దించుకుని ఊపిరి తీసుకుంటారు. మనం ఈ కావిడిని దించకుండానే మోస్తున్నాం.

నిద్రదీ అదే లెక్క. మెడ చుట్టూ, నాలుక మొదట్లో కొవ్వు చేరితే గొంతు దారి ఇరుకవుతుంది. 2000లో వచ్చిన విస్కాన్సిన్ అధ్యయనం ప్రకారం బరువు పది శాతం పెరిగితే ఈ ఊపిరి ఆటంకాలు సుమారు 32 శాతం పెరుగుతాయి, పది శాతం తగ్గితే 26 శాతం తగ్గుతాయి. పైగా ఇదంతా ఒక గానుగ. నిద్ర చాలకపోతే నొప్పి ఎక్కువ తెలుస్తుంది, ఆకలీ పెరుగుతుంది. నొప్పుంటే నడవం. నడవకపోతే బరువు పెరుగుతాం.

నేను పస్తులుండలేదు. అన్నం సగం చేసి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాను. టీతో బిస్కెట్లు మానేశాను. పొద్దున చిన్నప్పటి చోడి అంబలే, పంచదార లేకుండా, ఒక్క గ్లాసు. చోళ్లు మంచివని నాలుగు గ్లాసులు తాగితే అదీ బరువే. రాత్రి భోజనం ఏడున్నరకల్లా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లతో మొదలుపెట్టాను, తొడ కండ బలపడితే మోకాలికి ఆసరా. నడక పది నిమిషాల నుంచి నలభైకి పెంచాను. నిద్రకి డాక్టరు రాసిన సీప్యాప్ మిషను మానలేదు. ఏడాదిన్నరకి 84 కిలోలకి వచ్చాను.

మోకాళ్లు కొత్తవి కాలేదు, అరిగింది అరిగినట్టే ఉంది. కానీ మెట్లు దిగుతున్నాను, తెల్లవారే దాకా నిద్రపోతున్నాను. 2013లో 454 మందితో చేసిన మరో పరిశోధనలోనూ తిండి, వ్యాయామం రెండూ కలిపి పాటించినవారికే నొప్పి బాగా తగ్గింది. ఒక్కటే పాటించినవారికి అంతగా తగ్గలేదు.

ఒక హెచ్చరిక. ఈ మాట అందరికీ కాదు. కొండ మీద బక్కపలచగా ఉండి బరువులు మోసే మన అన్నదమ్ములకీ నొప్పులున్నాయి. వాళ్లని బరువు తగ్గమంటే అన్యాయం. మన మన్యంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి, సన్నటి నాళాల్లో అడ్డుపడి ఎముకల్లో, కీళ్లలో తీవ్రమైన నొప్పి తెస్తాయి. దీని నిర్మూలనకి 2023 జూలైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. చిన్న వయసులోనే నొప్పులొస్తే ముందు రక్త పరీక్ష చేయించండి. కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరమొచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మాస్టార్లూ, మీరు కూడా. మీ ఇంట్లోవాళ్లని ఒక్కమాట అడగండి: "రాత్రి నా ఊపిరి ఆగుతోందా?" అని. మనకి తెలియదు, పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది. నన్ను కాపాడింది ఆ మాటే.

వచ్చే కలయికకి ఆడలి కొండకి వెళదాం. నడవగలిగినంత నడుద్దాం. ఫొటోకి ముందు వరసలో నాకో చోటు ఉంచండి.