బంకరులో పడుకున్న మన పెద్దలను అడుగుదాం

(మన సంఘం సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము హాస్టల్ వార్డెన్లం. ప్రసంగాలు చేయడం కన్నా హాజరు వేయడం మాకు బాగా వచ్చు. అయినా ఈ రోజు ఒక మాట చెప్పాలని వచ్చాం. మా పిల్లల్లో ప్రతి ఏడూ కొందరు ఆర్మీ సెలక్షన్లకని తెల్లవారకముందే పరుగు మొదలుపెడతారు. 1,600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తారో వాచీ పట్టుకుని చూసేది మేమే. ఆ పరుగు తర్వాత ఏముందో మాత్రం మేమూ చెప్పలేకపోయేవాళ్లం.

అందుకని ఒక జనవరి 26న, దగ్గరి తండాలో ఉంటున్న ఒక రిటైర్డు హవల్దారును హాస్టల్‌కు పిలిచాం. అరవై దాటిన మనిషి. జెండా ఎగరేసి కూర్చున్నాక తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "తాతా, ఎంతమందిని కాల్చావు?" అని అడిగాడు. మాకు ప్రాణం చివుక్కుమంది. ఆయన కాసేపు పలకలేదు. తర్వాత, "ఎక్కడ పడుకున్నావని అడుగు నాయనా, చెప్తా" అన్నాడు.

ఆయన శ్రీలంక వెళ్లిన శాంతి సేనలో ఉన్నాడు. 1987 జులైలో ఒప్పందం జరిగాక మన సైన్యం అక్కడికి వెళ్లింది, 1990 మార్చిలో తిరిగి వచ్చింది. ఆ మూడేళ్లలో 1,100 మందికి పైగా మన జవాన్లు చనిపోయారు. ఆయన ఉన్నది వావునియా వైపు అడవిలో. నడుము లోతు గుంట తవ్వి, చుట్టూ మట్టి నింపిన గోతాలు పేర్చి, పైన దుంగలు పరిచి, వాటి మీద మళ్లీ మట్టి పోస్తే అదే బంకరు. అదే ఇల్లు. తుపాకీ గొట్టం పట్టేంత సందు, అదే కిటికీ. వాన పడితే మోకాళ్ల దాకా నీళ్లు. మగ్గులతో తోడి పోసుకునేవాళ్లు. బూట్లు విప్పకుండానే పడుకునేవాళ్లు. రాత్రి బీడీ వెలిగించకూడదు, టార్చి వేయకూడదు. చుట్టూ కట్టిన తీగకు ఖాళీ డబ్బాలు వేలాడదీసి, వాటిలో గులకరాళ్లు వేసేవాళ్లు. డబ్బా మోగితే అది మనిషో, అడవి పందో తెలియదు. తెల్లారేదాకా గుండె దడ.

"బయట రెండు గంటలు కాపలా కాసినవాడు లోపలికి వస్తే, వాడికి పొడి జాగా వదిలి మేము తడి జాగాలోకి జరిగేవాళ్లం" అన్నాడాయన. మా పిల్లలు అప్పటిదాకా విన్న యుద్ధం కథల్లో ఈ మాట లేదు.

తర్వాత ఆయన్ను నాగాలాండ్ పంపారు. అక్కడ జలగలు, మలేరియా. ఇంటికి రాసే ఉత్తరం మీద ఊరు పేరు ఉండదు, 99 ఏపీఓ అని మాత్రం ఉంటుంది. ఆ 99 అనేది ఏ దిక్కున ఉందో ఆయన భార్యకు చెప్పేవాళ్లు లేరు. ఉత్తరం వస్తే బతికి ఉన్నట్టు, అంతే.

ఇంకొక మాట కూడా చెప్పాడు. ఒక గ్రామంలో వీళ్లను చూసి ఒక ముసలమ్మ మనవణ్ని వెనక్కు దాచుకుంది. "ఆమె నిలబడ్డ తీరు అచ్చం మా అమ్మలాగే ఉంది. ఆ రాత్రి బంకరులో నిద్ర పట్టలేదు" అన్నాడు.

ఆ మాట మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. మన నల్లమల కూడా ఆ రోజులు చూసింది. 2004 అక్టోబరులో చర్చలకని మావోయిస్టు నాయకులు బయటికి వచ్చింది మన దోర్నాల అడవిలోని చిన్నారుట్ల దగ్గరే. రాత్రి ఒక తుపాకీ వచ్చి అన్నం అడిగేదని, పొద్దున ఇంకొక తుపాకీ వచ్చి ఎవరికి పెట్టావని అడిగేదని గూడెం పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అడవిలో తుపాకీ పట్టుకున్నవాడి భయమూ, గుడిసెలో ఉన్నవాడి భయమూ రెండూ తెలిసినవాళ్లం మనం. రేపు యూనిఫాం వేసుకునే మన బిడ్డ ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

మేము ఎవరినీ వెళ్లొద్దనడం లేదు. కంభం మండలం రావిపాడు నుంచి వెళ్లిన హవల్దార్ సుబ్బయ్య గారు 2024 డిసెంబరులో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతర పేలి అమరుడయ్యారు. గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ మురళీ నాయక్ 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. వాళ్ల ఫొటోలకు దండలు వేస్తున్నాం, వేయాలి కూడా. కానీ ప్రాణంతో తిరిగి వచ్చి, మన పక్క ఇంట్లో అరుగు మీద కూర్చున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగడం లేదు. పెన్షన్ ఎంత అని తప్ప.

2022లో అగ్నిపథ్ వచ్చాక వెళ్లేవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లకే ఇంటికి వస్తారు. పర్మనెంటుగా ఉంచుకునేది నూటికి 25 మందినే. వచ్చిన పిల్లవాడు 22 ఏళ్లకే ఏదో చూసి వస్తాడు. వాడి మాట వినేవాళ్లు ఊళ్లో ఉండాలి కదా.

అందుకే మీకు ఒక పని చెబుతున్నాం. ఈ సెలవుల్లో మీ గూడెంలో, తండాలో, పక్క ఊళ్లో సైన్యంలోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో పనిచేసి వచ్చిన ఒక్క పెద్దాయన దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేస్తామని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. ఎంతమందిని కాల్చావని అడగొద్దు. ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు, ఇంటికి ఏం రాశారు అని అడగండి. మాట ఆగిపోతే తొందర పెట్టొద్దు, మళ్లీ రేపు వెళ్లండి. ఇంట్లో ఆయన భార్య ఉంటే ఆమెనూ అడగండి, ఉత్తరాల కోసం ఎదురుచూసింది ఆమె.

ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు. ఆదివారం పూట ఆ తాత దగ్గరికి వెళ్లి వస్తున్నాడు. మాకు అది చాలు.