ఇంటిలో వడ్రంగము



దినమెల్ల కాగితములతో గడపు ఉద్యోగికి సాయంకాలమున స్వహస్తముతో ఒక పీట చేసికొనుట గొప్ప విశ్రాంతి. రాయపూరులో ఈ పని ఆరంభింపదలచువారు పనిముట్లకంటె ముందు ఎండిన కలపను వెదకవలెను.

ఛత్తీసుగఢు అడవులలో సాలు, టేకు విరివిగా కలవు. సాలు కఠినము, క్రొత్త చేతికి టేకే అనువైనది. ఇచట వేసవి ఎండ ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలకు చేరును. పిమ్మట వానలు దిగును. కఱ్ఱ ఎండలో తేమ విడిచి ముడుచుకొనును, వానలో పీల్చి ఉబ్బును. ఈ మార్పు నిలువున అత్యల్పము, అడ్డమున అధికము. కనుకనే మేనెలలో బిగువుగా అమర్చిన సొరుగు ఆగస్టులో తెరచుకొనదు. కారణమెఱుగక, తమకీ విద్య రాదని పలువురు పని మానుదురు.

కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కఱ్ఱను ఆరబెట్టిన పిదపనే బొమ్మగా మలచుదురు. అట్లే పలకల నడుమ పుల్లలుంచి, గాలియాడు నీడలో నేలకు తగులకుండ పేర్చవలెను. సొరుగునకు కొంచెము సందు విడువవలెను.

రంపము, చిత్రిక, రెండు ఉలులు, సుత్తి, మూలమట్టము, కదలని బల్ల ఆరంభమునకు చాలును. ఉలికి ఎదురుగా చేయి ఉంచరాదు. మొద్దుబారిన ఉలి బలము కోరి జాఱును. కావున నిత్యము సానపట్టవలెను.

మొదటి పీట కొంత వంకరగా వచ్చినను, దానిపై ఇంటి పిల్లలు కూర్చుండి భుజించిననాడు శ్రమ ఫలించినట్లే.