కమాను బుష్‌లు: మా ముంగిట్లో ఒక లారీ మరమ్మతు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. రిటైరయిన తర్వాత కాలం ఎట్లా గడుస్తున్నదో అనుభవం ఒకటి చెప్పవలసిందని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. కాశీయాత్ర గురించి చెబుతానని వారు అనుకొని ఉంటారు. నేను ఇంకా కాశీకి పోలేదు. పోయిన ఏడు దసరా తర్వాత ఎడపల్లిలో మా ఇంటి ముంగిట్లో ఒక పాత లారీకి కమాన్ల బుష్‌లు మార్చాము. ఆ సంగతి చెబుతాను. కొందరు నవ్వుతున్నారు, నవ్వండి. మీలో సగం మంది ఇళ్ళల్లో ట్రాక్టరో, ట్రాలీయో, కొడుకు నడిపే బండో ఉన్నది కనుక వినడం వృథా కాదని మనవి.

ముందుగా లారీ సంగతి. అది ఆరు టైర్ల టాటా. మా తమ్ముడు 1999లో కొన్నాడు. మన ప్రాంతంలో లారీ అంటే చెరుకు కోసమే. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఫ్యాక్టరీ, మన ఊళ్ళకు అన్నం పెట్టిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎడపల్లి నుంచి అక్కడి కాటా దగ్గరకు లారీకి అరగంట కూడా పట్టేది కాదు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డది. అప్పటినుంచి చెరుకు వేసినవాడు కామారెడ్డి వైపుకో, మాగి వైపుకో, మహారాష్ట్రకో పంపవలసి వస్తున్నది. చెరుకు బరువు మారలేదు, దారి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ దారి అంతా లారీ కమాన్ల మీద పడ్డది. బుష్‌ల కథ నా దృష్టిలో అక్కడినుంచే మొదలవుతుంది.

2019లో తమ్ముడు కాలం చేశాడు. లారీ వాని కొడుకు చేతికి వచ్చింది, దానితోపాటు కొంత అప్పు కూడా వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు. పోయిన ఏడు చెరుకు నరకడం ఇంకా మొదలుకాకముందే ఒకనాడు వచ్చి, "పెద్దబాపూ, బండి బ్రేకు కొడితే ఎడమకు గుంజుతుంది. స్టీరింగు చేతుల నిలుస్తలేదు. ఇగ దీన్ని తుక్కు కింద అమ్ముడే మంచిది" అన్నాడు. పట్నంలో ఒక షెడ్డుకు చూపించాడట. షెడ్డు పేరు ఇక్కడ అవసరం లేదు. ముందు ఇరుసు వంగిందని, కమాను కట్టలు మొత్తం మార్చాలని చెప్పి, నా రెండు నెలల పింఛనుకు మించిన మొత్తం అడిగారు. పైగా లారీ ఫిట్‌నెస్ గడువు దగ్గరపడ్డది. మనకు ఏటా జీవన ప్రమాణ పత్రం ఎట్లాగో, ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ అట్లా. ఒక్కటే తేడా, మనం బతికి ఉన్నామని కనబడితే చాలు, బండి బాగా నడుస్తున్నదని కూడా చూపించాలి. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్ళు దాటిన బండ్ల ఫిట్‌నెస్ రుసుము ఒక్కసారిగా పెరిగింది. అంత కట్టి, పరీక్షలో తప్పితే పిల్లవాని గతి ఏమిటి?

మా వీధిలో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయిన ఉస్తాద్ ఉన్నారు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఆయనను పిలిచాను. ఆయన లారీని చూడగానే పానాలు అడగలేదు, గడ్డపార అడిగారు.

ఇక్కడ కమాను నిర్మాణం కొంచెం చెప్పాలి. ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చితే కమాను కట్ట. అందులో పొడుగైన మొదటి పట్టి కొసలను రెండువైపులా ఉంగరంలాగా చుడతారు. ఒక కొస లారీ ఛాసిస్‌కు బిగించిన బ్రాకెట్‌లో పిన్నుతో కూర్చుంటుంది. రెండో కొస షాకిల్ అనే చిన్న ఊయలకు వేలాడుతుంది. బరువు పడ్డప్పుడు కమాను చదునై పొడుగవుతుంది కాబట్టి ఆ ఊయల ఉండాలి. ఉంగరానికి, పిన్నుకు మధ్య ఉండే లోహపు గొట్టమే బుష్. మన లారీల్లో సాధారణంగా గన్‌మెటల్‌ది ఉంటుంది, పిన్ను ఉక్కుది. గొట్టం మెత్తన, పిన్ను గట్టి. ఎందుకట్లా అంటే, రాపిడిలో ఏదో ఒకటి అరగక తప్పదు. అరిగేది చౌకైనది, మార్చదగినది అయి ఉండాలని.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఎడ్లబండి చక్రం కుండలో ఇనుప గొట్టం ఉండేది, మీకు గుర్తుంటుంది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి మా నాయన కందెన చేసేవాడు. తెల్లవారుజామున చెరుకు బండి కట్టేముందు వెదురు గొట్టంలోని కందెన పుల్లతో తీసి ఇరుసుకు పూయడం నా పని. పూయని రోజున ఫ్యాక్టరీ కాటా దాకా బండి ఏడ్చుకుంటూ పోయేది. లారీ పిన్నుకు కూడా కందెనే కావాలి, కాకపోతే గ్రీజు అంటాము. పిన్ను మధ్యలో సన్నని రంధ్రం, కొసకు నిప్పిల్. గ్రీజు గన్నుతో కొడితే లోపలికి పోయి, పాత మురికి గ్రీజును బయటికి నెట్టాలి. అది బయటికి రావడమే సాక్ష్యం.

ఉస్తాద్ ఏం చేశారంటే, జాకీతో ఛాసిస్‌ను ఎత్తించి కమానుమీది బరువు తీసేశారు. గడ్డపార మొనను బ్రాకెట్‌కు, కమాను ఉంగరానికి మధ్య పెట్టి మెల్లగా తొక్కారు. కుడివైపు కదలలేదు. ఎడమవైపు ఉంగరం పిన్నుమీద టక్కున ముందుకు, టక్కున వెనక్కు పోయింది. నా చిటికెన వేలంత సందు కనబడ్డది. "సాబ్, ఇరుసు ఏం వంగలే. బుష్ అయిపోయింది, గంతే" అన్నారు. బ్రేకు పడ్డప్పుడు నేల చక్రాన్ని వెనక్కు నెడుతుంది. ఎడమ బుష్‌లో సందు ఉంటే ఎడమ చక్రం ఆ సందు మేరకు వెనక్కు పోతుంది, కుడిది పోదు. ఇరుసు అడ్డంగా తిరిగి బండి ఎడమకు లాగుతుంది. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి, ఇంత స్పష్టమైన నోటు తక్కువసార్లు చదివాను.

నిప్పిల్ ఊడదీసి చూస్తే రేగడి మట్టి గట్టిగా బిగుసుకొని ఉన్నది. నిజాంసాగర్ కాలువ కట్టల మీద, తడి పొలాల్లోకి దిగి చెరుకు ఎత్తే లారీకి ఇది మామూలే. బయటినుంచి గన్ను కొడుతూనే ఉన్నాడు మావాడు, గ్రీజు మాత్రం నిప్పిల్ పక్కనుంచి కారిపోతున్నది. లోపల పిన్ను ఎండిపోయి ఎన్నాళ్ళయిందో.

ఇక పని. ఇంట్లో చేసుకోవచ్చునా అని అడిగితే, చేసుకోవచ్చు, కాని ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. జాకీ అనేది ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. చదునైన గట్టి నేలమీద లారీని నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టించాను. ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు, వాటి పక్కన రైల్వే వేలంలో కొన్న పాత స్లీపరు ముక్కలు పేర్పించాను. జాకీ దించి బరువు స్టాండ్లమీద కూర్చున్న తర్వాతే పిల్లవాణ్ణి కిందికి పోనిచ్చాను. "పెద్దబాపు పంచాయితీ" అని వాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ. ఇరుసు కింద మాత్రం ఇంకో జాకీ విడిగా ఉండాలి. దాన్ని అంగుళం ఎత్తి, అంగుళం దించితే కమాను బిగువు సడలి పిన్ను వదులవుతుంది. అది తెలియక సమ్మెటతో బాదితే రోజంతా బాదవచ్చు.

మా పిన్ను ఒక రోజంతా బాధపెట్టింది. లాకు బోల్టు తీసినా కదలలేదు. రాత్రంతా డీజిలు పోసి నాననిచ్చాము. తెల్లవారి పిన్ను తలమీద నేరుగా కొట్టకుండా ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టారు ఉస్తాద్. ఉక్కుమీద ఉక్కు కొడితే తల చితికి పెద్దదవుతుంది, ఇక రంధ్రంలోంచి రాదు. మూడో దెబ్బకు కదిలింది. బయటికి వచ్చిన పిన్ను ఒకవైపు నెలవంకలాగా అరిగి ఉన్నది.

పాత బుష్‌ను తీయడానికి ప్రెస్సు కావాలంటారు. మా దగ్గర లేదు. ఉస్తాద్ లేత్ షాపునుంచి ఒక పొడుగు బోల్టు, మందపాటి వాషర్లు, బుష్ పట్టేంత గొట్టం ముక్క తెచ్చారు. ఉంగరానికి ఒకవైపు గొట్టం, మరోవైపు బుష్ కొలతకు సరిపోయే వాషరు, మధ్యలోనుంచి బోల్టు. నట్టు తిప్పుతుంటే పాత బుష్ గొట్టంలోకి జారివచ్చింది. ఉంగరం లోపల తుప్పు గీరి, గుడ్డతో తుడిచి, కొత్త బుష్‌ను అదే పద్ధతిలో లోపలికి లాగారు. వంకరగా ఎక్కితే లోపలే చీలిపోతుంది కనుక నట్టు పావు తిప్పు తిప్పి ఒకసారి చూడడం, మళ్ళీ తిప్పడం. బుష్ బిగువుగా ఎక్కినప్పుడు దాని లోపలి వ్యాసం కాస్త తగ్గుతుంది. అందుకని రీమర్‌తో పిన్నుకు సరిపడా గీకాలి. పిన్ను చేత్తో తోస్తే పోవాలి, ఊపితే ఆడకూడదు. ఈ ఒక్క పనికి ఉస్తాద్ గంటన్నర తీసుకున్నారు, మాట్లాడలేదు కూడా.

కుడివైపు బుష్ బాగానే ఉన్నది కదా, దాన్ని ఎందుకు ముట్టుకోవాలని పిల్లవాడు అడిగాడు. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు సగం అరిగినది ఉంటే కొన్నాళ్ళకు మళ్ళీ అదే గుంజుడు, ఈసారి కుడికి. రెండువైపులా, షాకిల్ బుష్‌లతో సహా మార్చాము. సామాను మొత్తం ఖర్చు షెడ్డువారు అడిగినదానిలో చిన్న భాగం. ఉస్తాద్ కూలి తీసుకోలేదు. మా ఇంటావిడ మూడు రోజులు ఆయనకు భోజనం పెట్టింది, మూడో రోజు జొన్నరొట్టె, అంబాడి పప్పు ఆయనే అడిగి చేయించుకున్నారు.

చిన్న బండ్లున్నవారికి ఒక మాట. కొన్నిటిలో రబ్బరు బుష్‌లుంటాయి. వాటికి గ్రీజు పెట్టకూడదు, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. వాటి బోల్టులను బండి చక్రాలమీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడి, తొందరగా చిరుగుతుంది.

లారీని నేలమీదికి దించి, గ్రీజు కొట్టి, రెండువైపులా గ్రీజు బయటికి వచ్చేదాకా చూశాము. యు బోల్టులు కూడా ఆ బరువుమీదనే బిగించి, జానకంపేట దాకా ఖాళీ లారీ పోయి వచ్చాక మళ్ళీ ఒకసారి పానా పెట్టి చూశారు ఉస్తాద్. ఒక నట్టు పావు తిప్పు తిరిగింది. తర్వాత పట్నంలో చక్రాల అలైన్‌మెంటు చేయించాడు మావాడు. ఫిట్‌నెస్‌కు తీసుకుపోయిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, కాని మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. సాయంత్రం లారీ హారను వీధి మొదట్లోనే వినబడ్డది.

అప్పు ఇంకా తీరలేదు. లారీ అమ్మే మాట మాత్రం ప్రస్తుతానికి లేదు. ఆ చెరుకు సీజనంతా రాత్రిపూట నిండు లోడుతో కామారెడ్డి దారిన పోయింది. వాడు ఇంటికి చేరేదాకా నాకు నిద్ర పట్టదు. అది బుష్‌లతో పోయే జబ్బు కాదు.

నా వంతు పని ఒకటి ఉన్నది. పాత అలవాటు కొద్దీ ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, కిలోమీటర్లు, ఏ నిప్పిల్‌లో గ్రీజు పోయింది, ఏది పోలేదు, సంతకం. వారానికొకసారి పిల్లవాడు సంతకం పెట్టాలి. పెట్టకపోతే మెమో ఇస్తానని చెప్పాను. ఇప్పటికి రెండు మెమోలు ఇచ్చాను, జవాబు ఒకదానికే వచ్చింది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. భోజనాలు సిద్ధమయ్యాయట. ట్రాక్టరు ట్రాలీల గురించి అడగదలచినవారు నన్ను కాదు, వెనుక వరుసలో గోడ పక్కన కూర్చున్న మా ఉస్తాద్‌ను అడగండి. మన సంఘం సభ్యులు కాకపోయినా నేనే బలవంతంగా తీసుకువచ్చాను. ఆయనకు ఎడమ చెవి కొంచెం వినబడదు, కుడివైపు నిలబడి అడగవలసిందిగా మనవి.