మెడ నొప్పి – మూడు రకాలు



ఈ రోజు పంటను గురించి కాదు, పంట పండించే మనిషి మెడను గురించి చెప్పుకుందాము. సదాశివనగర్ ప్రాంతములో వరి, మక్కజొన్న, చెరకు పండించే ఇండ్లలోనే బీడీలు చుట్టే ఆడవారు కూడా వున్నారు. నాట్లలో వంగేదీ, చాట ముందు వంగేదీ, గడ్డిమోపు మోసేదీ ఆ ఒక్క మెడే కదా!

మెడలో 7 పూసలు వున్నవి. పై రెండింటి నడుమ తప్ప, పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండు వంటి డిస్కు వుంటుంది. వయసు మీదపడే కొద్దీ అది ఎండి పలుచనవుతుంది, పూసల అంచున ఎముక పెరుగుతుంది. దీనినే డాక్టర్లు సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. 60 ఏండ్లు దాటిన చాలామందికి ఎక్స్‌రేలో ఇది కనిపిస్తుంది, వారిలో ఎందరికో నొప్పే వుండదు. కనుక ఎక్స్‌రే చూచి బెంగ పడవద్దు.

మొదటి రకము మెడ వరకే. మెడ పట్టేస్తుంది, తల వెనుక, భుజాల నడుమ గుంజుతుంది. చాలావరకు కొద్ది వారాలలో తగ్గిపోతుంది.

రెండవదానిలో చేతికి పోయే నరము నలుగుతుంది. నొప్పి భుజము నుండి ఒక చేతిలోకి దిగుతుంది. బొటనవ్రేలో, నడిమి వ్రేలో తిమ్మిరెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. ఛాతీలో బిగువు, చెమటలు కూడా వుంటే మాత్రము మెడ నొప్పే అనుకొని ఇంట్లో కూర్చోరాదు. అది గుండెది కావచ్చును.

మూడవదానిలో వెన్నుపామే నలుగుతుంది. చిత్రమేమంటే, నొప్పి అంతగా వుండకపోవచ్చును. అంగీ గుండీలు పెట్టరావు. నారు కట్టలో నుంచి మొక్కలు విడదీయ చేతగాదు. తునికాకు కోసే కత్తెర జారిపోతుంది. ఒడ్డు మీద నడుస్తుంటే కాళ్లు బిగుసుకొని తూలుతవి. మెడ వంచితే వీపులోకి కరెంటు పాకినట్లుంటుంది. ముదిరితే మూత్రము పట్టు తప్పుతుంది. ఇంట్లోవారు "వయసాయె, నరాల బలహీనత" అని ఊరుకుంటారు. ఆలస్యమైతే ఆపరేషను చేసినా పోయిన బలము పూర్తిగా రాకపోవచ్చును. మెడ విరిపించుకోవడము, గట్టిగా మర్దన చేయించుకోవడము బొత్తిగా కూడదు. ఇటువంటి వారికి ఎక్స్‌రే చాలదు. వెన్నుపాము కనిపించేది ఎమ్మారైలోనే.

విస్తరణాధికారులకు ఒక మనవి. ఇటువంటి రైతు పొలములో కనబడితే గుండీ పెట్టి చూపమనండి, మడిమెకు వ్రేళ్లు ఆనించి ఒక గీత మీద నడవమనండి. చేతగాకుంటే కామారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. అక్కడ ఉత్త మెడ నొప్పి అని కాక, చేతులకూ కాళ్లకూ పట్టు తప్పినదని, ఎన్నాళ్ల నుంచి తప్పినదో కూడా చెప్పమనండి.