కనబడని క్లోమము



నేను వైద్యుడను గాను. చరిత్ర చదివి, దస్త్రముల నడుమ కాలము గడుపుచున్నవాడను. అయినను ఆరోగ్యమునుగూర్చి మాటలాడుమని మన సంఘమువారు కోరగా, క్లోమమున పుట్టు క్యాన్సరును ఎంచుకొంటిని. అది మన కంటికే గాక యంత్రముల కంటికి సైతము తరచుగా చిక్కదు.

క్లోమము జఠరమునకు వెనుక, వెన్నెముకకు ముందు దాగియున్న గ్రంథి. ఆహారమును జీర్ణింపజేయు రసమును, ఇన్సులినును అది తయారుచేయును. లోతున నుండుటచే అందలి చిన్న కంతి వైద్యుని చేతికి తగులదు. పొట్టకు అల్ట్రాసౌండు తీయునపుడు ప్రేగులలోని వాయువు అడ్డువచ్చి, "క్లోమము స్పష్టముగా కనబడలేదు" అని నివేదికలో వ్రాయుట కలదు. తక్కినవన్నియు సవ్యముగా నున్నవని మనము సంతోషించి కాగితము మడిచి పెట్టెదము. దస్త్రము కనబడలేదనుటకును, దస్త్రమే లేదనుటకును గల భేదము మన కార్యాలయములలో ఎరుగనివారెవరు? అనుమానమునకు తావున్నచో సి.టి. స్కాను అవసరమా యని వైద్యుని అడిగితీరవలెను.

రక్తపరీక్ష లేదా యందురు. సి.ఎ. 19-9 అను పరీక్ష కలదు. కాని క్యాన్సరు లేకున్నను, పిత్తనాళము మూసికొన్నచో అది పెరుగవచ్చును. కొందరి దేహము జన్మతః ఆ పదార్థమును పుట్టింపదు. లక్షణములు లేని సామాన్యులకు ఈ వ్యాధికై పరీక్షలు చేయుటవలన మేలుకంటె కీడే యెక్కువయని అమెరికా నివారణవైద్య నిపుణమండలి 2019లో తేల్చినది.

కనుక దేహము పంపు సూచనలే మనకు దిక్కు. 50 ఏండ్లు దాటినవారిలో క్రొత్తగా మధుమేహము కనిపించినవారిని పరిశీలింపగా, నూటికి దాదాపు ఒకరికి మూడేండ్లలోపల ఈ క్యాన్సరు బయటపడినట్లు మినెసోటా రాష్ట్రమున జరిగిన పరిశోధన 2005లో తెలిపినది. తక్కినవారు బెదరనక్కరలేదు. మధుమేహముతోపాటు అకారణముగా బరువు తగ్గుచున్నవారు మాత్రము మాత్రలతో సరిపుచ్చుకొనరాదు.

ఇక కామెర్లు. క్లోమము తలభాగమున పుట్టిన కంతి పిత్తనాళమును నొక్కినచో, నొప్పి లేకయే కన్నులు పచ్చబడును. మూత్రము ముదురురంగు దాల్చును, మలము తెల్లబారును, ఒడలు దురదపెట్టును. కామెర్లనగానే మనవారు నేలవుసిరి పసరుకై స్వగ్రామమునకు జాబు వ్రాయుదురు. ఢిల్లీ చేరినను ఆ నమ్మకము వీడలేదు. వైరసుచే వచ్చు కామెర్లు చాలవరకు కొన్ని వారములలో వానంతట అవియే తగ్గును గనుక ఆ కీర్తి పసరునకు దక్కినది. ఈ కామెర్లు అట్లు తగ్గవు. ఇవి కనబడునాటికి కొందరిలో కంతి శస్త్రచికిత్సకు ఇంకను లొంగునదిగా నుండును. పసరు త్రాగుచు, పథ్యము చేయుచు గడపిన నెలలో ఆ యవకాశము చేజారిపోవచ్చును.

తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఇద్దరికి ఈ వ్యాధి వచ్చిన కుటుంబములవారు లక్షణములు లేకున్నను నిపుణుని దర్శింపవలెను. అట్టివారికి ఎం.ఆర్.ఐ.తోగాని, గొంతుగుండా గొట్టము పంపి చేయు అల్ట్రాసౌండుతోగాని ఏటేట పరిశీలన సూచింతురు.