కువైట్ చూసినవాళ్ళు ‘ఎయిర్‌లిఫ్ట్’ చూస్తే



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ ఉపాధ్యాయుడు చరిత్ర పాఠంలో ఏ సంగతి వచ్చినా ముందు ఒకటే అడిగేవారు: ఈ మాట చెప్పినవాళ్ళు అప్పుడు అక్కడ ఉన్నారా? ఆ ప్రశ్నతోనే ఈ రోజు ఒక యుద్ధకాలపు సినిమా గురించి, దాన్ని చూసినవాళ్ళ అభిప్రాయాల గురించి మాట్లాడతాను.

2016 జనవరి 22న ‘ఎయిర్‌లిఫ్ట్’ అనే హిందీ చిత్రం విడుదలైంది. రాజా కృష్ణ మేనన్ దర్శకుడు, అక్షయ్ కుమార్ కథానాయకుడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక అక్కడ చిక్కుకున్న లక్షా డెబ్బై వేల మంది భారతీయులు ఎట్లా బయటపడ్డారన్నది కథ. రంజిత్ కట్యాల్ అనే ధనిక వ్యాపారి అందరినీ కూడగట్టి, ఢిల్లీలో పలకని ప్రభుత్వాన్ని కదిలించి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ దాకా చేరుస్తాడు. చివర్లో జెండా ఎగురుతుంటే హాల్లో చప్పట్లు, కన్నీళ్ళు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. తాతలనాటి ముచ్చటగా కూడా వినని పిల్లలు ఆ రాత్రి ఇంటికి వచ్చి కువైట్‌లో ఏం జరిగిందని అడిగారంటే అది ఆ సినిమా చేసిన మేలే.

అయితే చప్పట్లు కొట్టనివాళ్ళు కూడా ఉన్నారు. మొదటి మాట విదేశాంగ శాఖది. సినిమా వాస్తవాల దగ్గర తప్పిందని ఆ శాఖ ప్రతినిధి వికాస్ స్వరూప్ చెప్పారు. మాజీ విదేశాంగ కార్యదర్శి నిరుపమా రావు కూడా అభ్యంతరం తెలిపారు. వాళ్ళ మాటలో బలముంది. 1990 ఆగస్టులోనే విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుసేన్‌ను కలిశారు. కువైట్‌లోని మన రాయబార కార్యాలయాన్ని బస్రాకు మార్చారు. ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి, 1,11,711 మందిని తెచ్చిందని గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. ఎవరూ పట్టించుకోకుంటే ఇన్ని విమానాలు వాటంతట అవి ఎగరవు.

రెండో మాట కేరళ ప్రేక్షకులది: మా మాథున్నీ మాథ్యూస్ ఏడీ? ‘టొయోటా సన్నీ’ అని కువైట్‌లో అందరికీ తెలిసిన ఆ మలయాళీ, హర్భజన్ సింగ్ వేదీ, ఇంకా ఎందరో కలిసి కమిటీగా నిలబడి చేసిన పనిని సినిమా ఒక్క కట్యాల్ భుజాల మీద పెట్టింది. అది న్యాయమైన ఫిర్యాదు. పదిమంది మోసిన బరువును ఒక్కడికి కట్టబెడితే ఆ ఒక్కడు వీరుడవుతాడు, మిగతా తొమ్మిదిమంది జనంలో కలిసిపోతారు.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమైనది మూడో మాట. అది పత్రికలకెక్కలేదు. మన నిజామాబాద్ జిల్లాలోని మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీమ్‌గల్, వేల్పూరు వైపు నుంచి ఆ రోజుల్లో కువైట్ పోయినవాళ్ళ మాట అది. వాళ్ళలో ఈ సినిమా చూసినవాళ్ళతో మాట్లాడినప్పుడు నేను ఎక్కువగా విన్నది హీరో గురించి కాదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, ఉండిపోతే ఏం చేయాలో సినిమాలో లేదన్నారు. రావలసిన జీతం గురించి ఒక్క ముక్క లేదన్నారు. కువైట్ దినార్‌ను ఇరాక్ దినార్‌తో సమానం చేసి, తర్వాత అసలే చెల్లదన్నప్పుడు, ఏళ్ళ తరబడి దాచుకున్నది కాగితమైపోయింది. ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాక ఎడారి గుడారాల్లో నీళ్ళ కోసం వరస కట్టడం ఉంది, విమానంలో పేరు వచ్చేదాకా పడ్డ భయం ఉంది. ఈ ముచ్చట్లలో సినిమాలో ఉన్నవి కూడా గుంపుగా, దూరం నుంచి కనిపిస్తాయి. కట్యాల్ ముఖం మాత్రం దగ్గరగా కనిపిస్తుంది.

సినిమా విమానం ఎక్కడంతో ముగుస్తుంది. మనవాళ్ళకు అసలు కష్టం బొంబాయిలో దిగినాక మొదలైంది. వీసా కోసం ఏజెంటుకు కట్టిన పైసలు అప్పు తెచ్చినవి. వడ్డీ యుద్ధాన్ని చూసి ఆగలేదు. ఇంటి దగ్గర బీడీలు చుట్టి సంసారం ఈదుతున్న ఆడవాళ్ళకు మనిషి ప్రాణంతో వచ్చాడన్న సంతోషం, ఖాళీ చేతులతో వచ్చాడన్న దిగులు ఒక్కసారే వచ్చాయి. పత్రం, గుర్తింపు, ఆధారం ఏదీ లేకుండా వచ్చినవాళ్ళు తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్‌కు దరఖాస్తులు పెట్టుకోవలసి వచ్చింది. ఇరాక్, కువైట్‌లను విడిచి రావలసి వచ్చినందుకు ఒంటరి మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు అని నిర్ణయించారు. ఆ ఇంగ్లిషు ఫారాలను రాత్రిళ్ళు కూర్చుని నింపిపెట్టినవారిలో మన ఉపాధ్యాయుడు కూడా ఒకరు. ఆయన కలం పట్టుకుని అడిగిన ప్రతి ప్రశ్నా — ఏ కంపెనీ, ఏ పని, ఏ తేదీన బయలుదేరావు, ఏం పోయింది — ఆ సినిమా రాసుకోవలసిన కథే. కమిషన్ మొత్తం మీద దాదాపు 15 లక్షల మందికి, 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. ఇరాక్ తన చమురు ఆదాయం నుంచి ఆఖరి వాయిదా కట్టింది 2022లో, అంటే యుద్ధం మొదలై ముప్ఫై ఏళ్ళు దాటాక.

తెలుగులో వచ్చిన ‘ఘాజీ’ని దీని పక్కన పెట్టి చూడండి. సంకల్ప్ రెడ్డి తీసిన ఆ చిత్రం 2017 ఫిబ్రవరి 17న వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. సినిమా కథలో భాగంగా జాతీయగీతం వస్తే ప్రేక్షకులు నిలబడనక్కరలేదని సుప్రీంకోర్టు అంతకు మూడు రోజుల ముందే స్పష్టం చేసింది. అయినా ఆ చిత్రంలో భారత జలాంతర్గామి నావికులు జాతీయగీతం పాడుతుంటే నేను చూసిన హాల్లో లేచి నిలబడ్డవాళ్ళున్నారు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’లో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. అది ఎట్లా మునిగిందన్న దాని మీద రెండు దేశాల నౌకాదళాలు ఈనాటికీ ఒక మాట మీద లేవు. అక్కడ దర్శకుడు ఊహించవలసిందే. లోపల ఉన్నవాడు వచ్చి ఇది తప్పు అనలేడు. ‘ఎయిర్‌లిఫ్ట్’కు ఆ మినహాయింపు లేదు. సాక్షులు లక్షా డెబ్బై వేల మంది. మన నిజామాబాద్ జిల్లా పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్ళ కథను దూరం నుంచే చూపిన సినిమా ఎంత బాగా కట్టినదైనా సగం కథే చెప్పినట్టు. తమ శాఖ పాత్రను మరిచారని బాధపడిన అధికారులు కూడా కూలిమనిషి పాత్ర గురించి మాట్లాడలేదు. ఇది నేను కోపంతో అనడం లేదు, లోటు కనుక అంటున్నాను.

ప్రేక్షకుడి అభిప్రాయాన్ని మనం బాగుంది, బాగాలేదు అనే రెండు మాటల్లో తేల్చేస్తాం. అక్కడ ఉండి వచ్చిన ప్రేక్షకుడు నోరు తెరిస్తే అది వాంగ్మూలం. 1990లో పాతికేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. కొందరు ఇప్పటికే లేరు. విద్యార్థులకు నా మనవి: మీ ఇంట్లో, మీ వాడకట్టులో ఆ ఏడు కువైట్ నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కూర్చోండి. పాత పాస్‌పోర్టు, నష్టపరిహారం కాగితం, ఉత్తరం ఏది దొరికినా ఫోటో తీయండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాయండి. రాసినవన్నీ తెచ్చి ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన స్మారక సమితికి ఇవ్వండి. వచ్చే ఏడాది ఉపన్యాసానికి బదులు వాటినే పుస్తకంగా వేద్దాం.